పడవ వెనక పలకకు ఏ చెక్క, ఏ జిగురు?

2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్-విజయవాడ రహదారి నీట మునిగింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అలాంటప్పుడు నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పల్లెలకు అక్కరకొచ్చేది ఇంజన్ బిగించిన ఫైబర్ పడవ. ఆ ఇంజన్ బరువంతా మోసేది వెనక పలక. దాన్ని ట్రాన్సమ్ అంటారు. పైకి ఏ మచ్చా లేకుండానే లోపల పుచ్చిపోవడం దీని గుణం. అందుకే దాన్ని తిరిగి కట్టేటప్పుడు సరుకు ఎంపిక తెలిసి చేయాలి.

పలక మీద పడే భారం

పది హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్ సుమారు 40 కిలోలుంటుంది. ఇంజన్‌ను పట్టుకునే క్లాంపు పలక పైఅంచున ఉంటే, నీటిని తోసే ఫ్యాను కింద లోతున ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరం వల్ల ప్రతి తోపూ పలకను వంచాలని చూస్తుంది.

సాధారణంగా లోపల ప్లైవుడ్, దానికి రెండు వైపులా గాజుపీచు పొరలు ఉంటాయి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండింటిని ఊరికే పక్కపక్కన పెడితే వంగకుండా నిలిచే శక్తి రెండింతలే అవుతుంది. జిగురుతో ఏకం చేస్తే ఎనిమిదింతలవుతుంది, ఎందుకంటే ఆ శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. చెక్క అదే, మందం అదే. తేడా అంతా అతుకులోనే ఉంది. పలక బాగు చేయడంలో అసలు పాఠం ఇదే.

ఏటి పడవకే పుచ్చు ఎక్కువ

చెక్కలో తేమ 20 శాతం లోపున్నంత వరకు దాన్ని తినే బూజు పెరగదు. ఉప్పునీరు ఆ బూజును కొంత అడ్డుకుంటుంది. మంచినీటికి ఆ గుణం లేదు. కాబట్టి మచిలీపట్నం సముద్రంలో తిరిగే పడవ కన్నా ముక్త్యాల, వేదాద్రి రేవుల్లో కృష్ణ మీద తిరిగే పడవకు ఈ బెడద ఎక్కువ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒడ్డునే ఉండి లోపల వాననీరు నిలిచిన పడవ మరీ త్వరగా పాడవుతుంది.

నీళ్లకు దారి బోల్టు రంధ్రమే. బోల్టు తీసి స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే, పుచ్చిన చెక్క తడి టీ పొడిలా రాలుతుంది. చిన్న సుత్తితో తట్టినా తెలుస్తుంది: గట్టి చోట ఠంగుమంటుంది, పుచ్చిన చోట బొదబొదమంటుంది.

లోపలికి ఏది?

దుకాణంలో ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అన్నంత మాత్రాన సరిపోదు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర వెతకాలి. అది మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం. 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా దాని పొరల జిగురు విడిపోకూడదు. ఐఎస్ 303 ఇంటి సామానుకు వాడేది. అయితే మెరైన్ ప్లై కూడా చెక్కే. మందు పట్టించి ఉన్నా ఏళ్ల తరబడి నానితే పుచ్చక మానదు.

టేకు గట్టిదే, కానీ అందులోని నూనె జిగురును సరిగా పట్టనీయదు. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి తేలికగా, మెత్తగా ఉంటుంది. బోల్టు నొక్కుడు ఓర్చుకోలేదు. థర్మోకోల్ అసలు వద్దు. పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది. దట్టమైన పీవీసీ ఫోమ్ పుచ్చదు, కానీ ఖరీదెక్కువ. అదైనా బోల్టుల చోట గట్టి ముక్క దిగేయాల్సిందే.

ఏ రెసిన్?

కొత్త పడవ అచ్చు తీసేటప్పుడు చవకైన పాలిస్టర్ రెసిన్ చక్కగా పనిచేస్తుంది. మరమ్మతు వేరు. గట్టిపడిన పాత పొరకూ చెక్కకూ పాలిస్టర్ అంత గట్టిగా అంటుకోదు, ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కూడా. ఎపాక్సీ రెండింటినీ పట్టుకుంటుంది, కుంచింపు చాలా తక్కువ. అందుకే ధర ఎక్కువైనా అతుక్కి ఎపాక్సీయే మేలు.

దానితో రెండు జాగ్రత్తలున్నాయి. మామూలు ఫైబర్ మ్యాట్‌లో పీచును పట్టి ఉంచే బంక స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో సరిగా కరగదు. కాబట్టి నేసిన గాజు బట్ట వాడాలి. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ నిలవదు. పైపూతకు పాలీయూరిథేన్ పెయింటు వేయాలి.

మన ఎండల్లో రెసిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది. ఉదయాన్నే, కొంచెం కొంచెంగా, వెడల్పు పళ్లెంలో కలపాలి. పాలిస్టర్ వాడేవారు కోబాల్ట్‌నూ క్యాటలిస్ట్‌నూ నేరుగా కలపనేకూడదు. భగ్గుమనే ప్రమాదముంది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి.

దారులు మూయడం

గాజు బట్ట పదునైన మూలలో వంగదు, గాలి బుడగలు మిగులుతాయి. సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో మూలను గుండ్రం చేసి బట్ట పరవాలి. పాత పొరను మందానికి పన్నెండింతల వెడల్పున ఏటవాలుగా గీకి, దాని మీద కొత్త పొర వేయాలి. బోల్టు రంధ్రాన్ని కావలసినదానికన్నా పెద్దగా తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, ఆరాక మధ్యలో సరైన కొలతకు మళ్లీ తొలవాలి. అప్పుడు బోల్టు పక్కన తడి చేరినా చెక్కను తాకదు.

డబ్బు చాలకపోతే పైపూతలో తగ్గించండి, అతుకులో వద్దు. ఏటా వానలకు ముందు బోల్టులు విప్పి, తట్టి చూసి, సీలెంట్ మార్చండి. వరద రాత్రి ఎవరింటి పిల్లలో, ముసలివాళ్లో ఎక్కే పడవ అది. ఆ ఒక్క పూట శ్రమకు వెనకాడకండి.