ఆటలు కల్పించే పిల్లలు – పెద్దల బాధ్యత

2008 మార్చిలో మన శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది. ఇప్పటి మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ విమానాలను చూస్తూనే పెరిగారు. అందుకే సుద్దముక్క దొరికితే చాలు, నేల మీద రన్‌వే గీస్తారు. ఒకరు పైలట్, ఒకరు టవర్, ఒకరు సామాన్లు దించేవారు. కొందరు పిల్లలు అక్కడితో ఆగరు. వర్షం పడితే రెండు గళ్ళు వెనక్కి, ఇంధనం అయిపోతే ఒక వంతు పోయినట్టు, టవర్ నిద్రపోతే అందరూ ఆగాలి అంటూ ముప్పై నియమాలు కడతారు.

ఇలాంటి పిల్లలకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన అబ్బాకు, పొద్దంతా పనితో అలసిన అమ్మీకి అన్ని నియమాలు వినే ఓపిక ఉండదు. వాడకట్టు పిల్లలు కాసేపటికే విసిగి వెళ్ళిపోతారు. ఆట కల్పించిన బిడ్డ ఒక్కడే మిగులుతాడు. "ఈ పిచ్చి ఆటలు మాని చదువుకో" అనే మాట సరిగ్గా అప్పుడే పడుతుంది.

నిజానికి నియమాలు కట్టడం కూడా చదువే. మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే స్విట్జర్లాండ్‌లో గోళీలాడే పిల్లలను నియమాల గురించి అడిగి, తాను గమనించినది 1932లో పుస్తకంగా వెలువరించారు. చిన్నపిల్లలు నియమం పెద్దలు పెట్టినదనీ, దాన్ని మార్చరాదనీ అనుకుంటారు. పదేళ్ళు దాటేసరికి, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని గ్రహిస్తారు. న్యాయం, మాట మీద నిలబడటం బిడ్డకు ఇలా ఆటలోనే అలవడతాయి.

హజ్రత్ ఆయిషా (ర) బొమ్మల మధ్య గుడ్డపేలికల రెక్కలున్న గుర్రాన్ని చూసి దైవప్రవక్త (స) అదేమిటని అడిగారు. సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె జవాబిస్తే హాయిగా నవ్వారు. ఈ సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆయన కాదనలేదు, ముందు అడిగారు. మనమూ అక్కడే మొదలుపెట్టాలి.

"ఇందులో ఎలా గెలుస్తారు?" అని అడగండి. నియమాలను తెలుగులోనో ఉర్దూలోనో నోటుబుక్‌లో రాయమనండి. రాస్తున్నప్పుడు ఏది అవసరమో, ఏది అనవసరమో బిడ్డకే తెలుస్తుంది. మొదటి రోజు ఐదు నియమాలతోనే ఆడించండి, తర్వాత రోజుకొకటి కలపనివ్వండి. చెల్లెలికో, పక్కింటి పిల్లవాడికో ఒక నియమం పెట్టే హక్కు ఇప్పించండి. ఓడిపోతున్నప్పుడు నియమం మారిస్తే కోప్పడకండి. "మార్పులు ఆటకు ముందే, అందరూ ఒప్పుకున్నాకే" అని గుర్తుచేస్తే చాలు. ఆటను మాత్రం మీ చేతుల్లోకి తీసుకోకండి.

దాతలైన సోదర సోదరీమణులకు మా విన్నపం ఒకటే. పేద పిల్లలకు మీరిచ్చే బడి సామగ్రిలో తెల్లకాగితాల నోటుబుక్ ఒకటి అదనంగా చేర్చండి. అది హోంవర్కు కోసం కాదు, వాళ్ళ ఆటల కోసం. మీ ఇంట్లో పిల్లలకైతే రోజూ పావుగంట సమయమివ్వండి. ఆ పావుగంటలో ఆట వాళ్ళు నేర్పాలి, మీరు నేర్చుకోవాలి.