రోమ్ నాణెంపై ఏడుస్తున్న మహిళ.. ఇంతకీ ఎవరామె?

టీవీలు, ఫోన్లు లేని రోజుల్లో యుద్ధం గెలిచామని అందరికీ చెప్పాలంటే ఎలా? రోమ్ చక్రవర్తులు అందుకు నాణేలను వాడుకున్నారు. ఒకవైపు చక్రవర్తి ముఖం.. రెండోవైపు ఆయన చెప్పాలనుకున్న సంగతి.

క్రీ.శ. 70లో రోమ్ సైన్యం జెరూసలేంను పట్టుకుని, యూదుల ఆలయాన్ని కూల్చేసింది. ఆ తర్వాత చక్రవర్తి వెస్పాసియన్ కొత్త నాణేలు వేయించాడు. ఖర్జూర చెట్టు, దాని కింద కూర్చుని ఏడుస్తున్న మహిళ.. చుట్టూ లాటిన్‌లో 'జుడేయా కాప్టా'. అంటే 'జుడియా మన చేజిక్కింది' అని. చెట్టు ఆ నేలకు గుర్తు. ఆ మహిళ.. ఓడిపోయిన దేశమే!

జుడియాలో వాడకానికి గ్రీకు అక్షరాలతోనూ ఈ విజయ నాణేలు వచ్చాయి. అంటే ఓడినవాళ్లు సరుకులు కొనాలన్నా తమ ఓటమిని చేత్తో పట్టుకోవాల్సిందే.

క్రీ.శ. 132లో బార్ కోఖ్బా నాయకత్వంలో యూదులు తిరగబడ్డారు. చెలామణిలో ఉన్న నాణేలనే తీసుకుని, వాటిపైనే తమ అచ్చు కొట్టారు. వెండి నాణేలపై కూలిపోయిన ఆలయం బొమ్మ, 'జెరూసలేం స్వేచ్ఛ కోసం' అన్న మాటలు. కంచు నాణేలపై మళ్లీ అదే ఖర్జూర చెట్టు.. ఈసారి కింద ఏడ్చే మహిళ లేదు!

135లో రోమ్ ఆ తిరుగుబాటును అణచేసింది. కానీ ఆ నాణేలు మిగిలాయి. కొన్నింటిపై కొత్త అచ్చు కింద పాత చక్రవర్తి ముఖం ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.