ఒక్కడే పరుగెత్తిన పందెము

2023వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున ఆ రాష్ట్రపు అథ్లెటిక్ పోటీలు జరిగెను. నిషిద్ధౌషధముల పరీక్షకై జాతీయ డోపింగు నిరోధక సంస్థవారు వచ్చిరను వార్త పొక్కగనే పలువురు క్రీడాకారులు మైదానము విడిచిపోయిరి. పురుషుల 100 మీటర్ల తుదిపందెమున ఒక్కడే పరుగెత్తెను. మరుగుదొడ్డిలో వాడి పారవైచిన సిరంజీల దృశ్యములు దేశమంతట వ్యాపించెను.

తొలగిపోయినవారందరును దోషులని మేమనజాలము. కాని పరీక్షకు వెరచునంతగా మందునకు వెరచుట మన యువకులలో లేదని యా దినమున తెల్లమైనది. ఇది యొక్క నగరపు వ్యాధి కాదు. ప్రపంచ సంస్థవారి లెక్కలను బట్టి 2023లో భారతదేశమున 5,606 నమూనాలు పరీక్షింపబడగా 213 నమూనాలలో నిషిద్ధ పదార్థములు కానవచ్చెను. అనగా నూటికి 3.8. ఐదువేలకు మించి పరీక్షలు జరిపిన దేశములలో నింతటి యపకీర్తి మరియొక దేశమునకు లేదు.

యువకుల మనస్సున నున్న తర్కమేమి? అందరును పుచ్చుకొనుచుండ తానొక్కడు మానినచో వెనుకబడునని యొకడు తలచును. శిక్షకుడిచ్చిన దానిని బలవర్ధకమని నమ్మి వేరొకడు మ్రింగును. పతకము వచ్చిననే రైల్వేలోనో, పోలీసుశాఖలోనో, సైన్యమునందో యుద్యోగము దొరకునని బీదయింటి బిడ్డ సాహసించును. ఈ మూడవవానిని చూచి కోపముకంటె జాలియే కలుగును. కాని జాలి వానిని కాపాడదు. దేహమున నిషిద్ధ పదార్థము బయలుపడినచో, ఎరుగక తింటినన్నను బాధ్యత క్రీడాకారునిదే. తెలిసి చేసిన తొలి తప్పునకే సామాన్యముగా నాలుగేండ్ల బహిష్కారము. పరుగెత్తువాని యౌవనములో నాలుగేండ్లనగా నెంత భాగము!

1988లో సియోల్ ఒలింపిక్ క్రీడలందు కెనడా దేశీయుడు బెన్ జాన్సన్ 100 మీటర్లను 9.79 సెకండ్లలో పరుగెత్తి లోకమును విభ్రాంతమొనర్చెను. స్టనొజొలాల్ అను స్టెరాయిడు బయటపడుటతో కొలది దినములలోనే స్వర్ణపతకమును కోలుపోయెను. 1967లో ఆంగ్లేయుడగు టామ్ సింప్సన్ ఫ్రాన్సు దేశపు సైకిలు పందెమున మోఁ వాంతూ పర్వతముపై కూలి మరణించెను. ఆతడు ఉత్తేజకౌషధములను సేవించియుండెను. స్టెరాయిడులు కాలేయమును, హృదయమును చెరచును. ఎదుగు పిల్లలలో నెముకల పెరుగుదలను ముందుగనే నిలిపివేయును.

2022లో పార్లమెంటు జాతీయ డోపింగు నిరోధక చట్టము చేసినది. అది యవసరమే. అయినను చట్టము దోషిని పట్టగలదుగాని మనస్సును మార్చజాలదు. మందు చేతికిచ్చు శిక్షకుని విడిచి పిల్లవానిని మాత్రము నిందించుట న్యాయము కాదు. కంచెయే చేను మేసిన కాపాడువారెవరు? బిడ్డ పతకము తెచ్చెనా యని యడుగు తల్లిదండ్రులును, గెలిచినవానికి మాత్రమే పూలదండ వేయు పురప్రముఖులును, పతకమునకే యుద్యోగము ముడివెట్టు ప్రభుత్వమును ఈ పాపమున భాగస్వాములు.

పాఠకులారా! మీ గ్రామమునందు, మీ పాఠశాలయందు పరుగెత్తు బాలుని ఏ స్థానము వచ్చినదని యడుగుటకు ముందు, వానికి ఎవరేమి తినిపించుచున్నారో విచారింపుడు. నిజాయితీతో నాలుగవవాడుగా వచ్చినవానిని సభలో నిలిపి మెచ్చుకొనుడు. మందు లేక యోడుట యవమానము కాదని పెద్దలు నమ్మిననాడే పిల్లలును నమ్ముదురు.