మోకాలి కింద బొడిపె

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా హాస్టల్ కబడ్డీ జట్టులో ముగ్గురికి మోకాలి చిప్ప కింద బొడిపె లేచింది. నొక్కితే ప్రాణం పోయేది. జట్టులోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. దెబ్బ తగిలిందా అంటే తగల్లేదనేవాళ్ళం. నిజానికి తగల్లేదు కూడా.

తొడ ముందు కండరం మోకాలి చిప్ప మీదుగా దిగి, కాలి ఎముక పైభాగాన అతుక్కుంటుంది. ఎదిగే వయసులో, అంటే 10 నుంచి 15 ఏళ్ళ మధ్య, అక్కడ ఎముక ఇంకా ముదరదు. పరిగెత్తినా, ఎగిరి దూకినా కండరం ఆ లేత చోటునే లాగుతుంది. రోజూ లాగితే వాచి నొప్పి చేస్తుంది. 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వేర్వేరుగా వివరించారు. జబ్బుకు వాళ్ళ పేర్లే పెట్టారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆట పూర్తిగా మానక్కర్లేదు. నొప్పి తగ్గేదాకా పరుగులు, దూకడాలు తగ్గించాలి. గుంజీలు కూడా (ఈ మాట సార్లు కూడా వినాలి). ఆడాక గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టాలి. ఎముక ముదిరాక నొప్పి పోతుంది, బొడిపె మిగలవచ్చు. మాలో ఒకరికి ఇప్పటికీ ఉంది. రాత్రిళ్ళు నొప్పి లేపినా, మోకాలంతా వాచినా, జ్వరం వచ్చినా మాత్రం ఎముకల డాక్టరుకే చూపించాలి.

నొప్పి మొదలైన రోజే పీఈటీ సారుకు చెప్పండి. మేము దాచాం. జోనల్ పోటీలకు ముగ్గురిలో ఒక్కరమే వెళ్ళగలిగాం.