ఒక్కరే ఉన్నా పొయ్యి వెలగాలి

నా దవాఖానాకు పెళ్ళికానివారు, భర్త పోయినవారు, తలాక్ అయినవారు వస్తుంటారు. నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా?" చాలామంది జవాబు చాయ్, రస్కు! "ఒక్కదాని కోసం ఏం వండను హకీమ్ సాబ్?" అంటారు.

ఆరోగ్యానికి యునానీ వైద్యం ఆరు ఆధారాలు చెప్పింది. వీటిని అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటారు. అవి గాలి, అన్నపానాలు, ఒంటి శ్రమ-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, ఒంట్లో నిలవాల్సింది నిలిచి పోవాల్సింది పోవడం. ఒంటరిగా ఉన్నప్పుడు ముందు గాడి తప్పేది భోజనం, దాని వెంట నిద్ర.

గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత అంటారు. ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. పప్పు, తోటకూర, గుడ్డు, మాంసం తినండి. కూరపై నిమ్మరసం పిండుకోండి. భోజనానికీ చాయ్‌కీ గంట ఎడం ఉంచండి. చాయ్ ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. రోజూ అరగంట నడవండి. పక్కింటి ఆపాను తోడు పిలవండి, మనసూ తేలికపడుతుంది.

ముఖ్యమైన మాట. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించినా, రొమ్ములో గడ్డ తగిలినా, "నలుగురూ ఏమనుకుంటారో" అని దాచకండి. మా మాజూన్లతోనూ కాలం గడపకండి. వెంటనే లేడీ డాక్టరుకు చూపించండి. ఇంటి పెద్దలారా, ఆమెను ఒక్కదాన్నే పంపకండి, మీరూ వెంట వెళ్ళండి.