గాలిపటం చెప్పిన మాట

జనవరి రెండో వారం వచ్చిందంటే మన ఇళ్ళలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. "వదినా, ఈసారి శుక్రవారమా, శనివారమా?", "బస్సు ఎక్కడ ఆగుతుందండీ?", "పులిహోర ఎవరు తెస్తున్నారు?" ఈ మూడు ప్రశ్నలకీ జవాబు దొరికాక నాలుగోది వస్తుంది. "గాలి ఎటు నుంచట?" దోహాకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ చివరి ప్రశ్న వింతగా ఉంటుంది. పిక్నిక్కుకి పోతూ గాలి సంగతి అడగడమేమిటని నవ్వుకుంటారు కూడా. ఆ ప్రశ్న మన నోళ్ళలో ఎందుకు పడిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

సంక్రాంతి ఇక్కడ సెలవు కాదు. భోగినాడు కూడా పొద్దున్నే డ్యూటీకి పోవాల్సిందే. అందుకని పండగని దగ్గర్లో ఉన్న శుక్రవారానికి జరుపుకోవడం మనకి అలవాటైపోయింది. ముగ్గు ఫ్లాటు గుమ్మం ముందు రెండడుగుల జాగాలో సర్దుకుంటుంది. బొమ్మల కొలువు టీవీ బల్ల మీదికి ఎక్కుతుంది. అరిసెలు ఊరి నుంచి ఎవరి సూట్‌కేసులోనో వస్తాయి. అన్నిటికీ ఏదో ఒక సర్దుబాటు ఉంది. గాలిపటానికి మాత్రం లేదు. దానికి ఆకాశం కావాలి.

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు అక్షరాలు దిద్దిస్తూ "గా అంటే గాలిపటం" అన్నాను. "అది పైకెళ్ళాక మళ్ళీ మనకి ఎలా వస్తుంది నాన్నా?" అని అడిగింది. పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప దారం చేత్తో పట్టుకుని ఎరగదు. నేను వరంగల్లులో డాబాల మీద పెరిగినవాణ్ణి. సంక్రాంతి నెలంతా మోచేతులు గీరుకుపోయి తిట్లు తిన్నవాణ్ణి. ఆ పూట నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

ఆ శుక్రవారమే నాలుగు కుటుంబాలం కార్లలో సీలైన్ బీచికి బయల్దేరాం. దోహాకి దక్షిణంగా, మెసయీద్ దాటాక వస్తుంది. ఒకవైపు ఇసుక తిన్నెలు, ఇంకోవైపు సముద్రం. న్యూస్‌పేపర్లూ, చీపురుపుల్లలూ, మైదా పిండి ఉడికించిన జిగురూ వేసి రాత్రంతా కూర్చుని ఆరు గాలిపటాలు తయారు చేశాను. అరగంటలో ఆరూ చిరిగిపోయాయి. ఒకటి గిర్రున తిరిగి నేలకి కొట్టుకుంది, ఇంకోటి నిలువునా చీలిపోయింది. పిల్లలు నా మొహం కేసి, నేను ఇసుక కేసి చూస్తున్నాం.

మా అవస్థ చూసి, పక్కన క్రికెట్ ఆడుకుంటున్న కుర్రాళ్ళలోంచి ఒకతను వచ్చాడు. నిజామాబాద్ జిల్లావాడు. ఇక్కడ లేబర్ క్యాంపులో ఉంటాడు. "అన్నా, కన్నెలు తప్పు కట్టిన్రు. మీది దారం జర పొట్టిగుండాలె. గీడ గాలి జోరుగుంది, పతంగి ముందుకు వంగాలె" అన్నాడు. మా ఆవిడ దగ్గర పాత చున్నీ అడిగి తీసుకుని, పొడుగ్గా చింపి తోక కట్టాడు. మిగిలిన ఒక్క కాగితంతో అతను చేసిన పతంగి లేచి నిలబడింది. మా అమ్మాయి చేతిలో దారం పెట్టి, "డీల్ ఇయ్యి చెల్లె, డీల్ ఇయ్యి" అంటూ పక్కనే నిలబడ్డాడు. తనకీ ఆ వయసు కూతురు ఊళ్ళో ఉందని టీ తాగుతూ చెప్పాడు.

అతను చెప్పిందాంట్లో పెద్ద శాస్త్రమే ఉంది. ఊళ్ళో డాబాల మీద గాలి ఇళ్ళనీ చెట్లనీ తగిలి విరిగి విరిగి వస్తుంది. సముద్రపు ఒడ్డున అడ్డం ఏదీ లేదు కనక ఒకే ధారగా, బలంగా వస్తుంది. గాలికి పటం మరీ ఎదురుగా నిలబడితే కాగితం ఆ ఒత్తిడిని తట్టుకోలేదు. కన్నెల్లో పైదారం కొంచెం బిగిస్తే పటం తల ముందుకు వంచి గాలిని కిందనుంచి జారనిస్తుంది. తోక బరువు కోసం కాదు. అది వెనక్కి లాగుతూ పటం గిర్రున తిరగకుండా నిలబెడుతుంది. ఇప్పుడు మనం గుడ్డతో చేసిన నైలాన్ పటాలు కొంటున్నాం గానీ, సూత్రం మాత్రం అదే.

ఆ ఏడు నాలుగు కార్లు. మరుసటి ఏడు పదకొండు. ఆ తర్వాత బస్సు మాట్లాడుకోవాల్సి వచ్చింది. క్యాంపుల్లో ఉండే తమ్ముళ్ళు మనతో రావడం కూడా అప్పటినుంచే మొదలయింది. కోస్తా పిల్లలు "తెగింది, తెగింది" అంటుంటే హైదరాబాదు పిల్లలు "అఫా!" అని కేకలు పెడతారు. గాలిపటం గొప్పదా పతంగి గొప్పదా అని ఒక వాదన ప్రతి ఏడూ జరుగుతుంది, ప్రతి ఏడూ తేలకుండానే భోజనాల వేళవుతుంది.

ఇక మూడో ఏటి సంగతి. ఇది రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఆ రోజు కూడా సీలైనే. గాలి బ్రహ్మాండంగా ఉంది. ఇరవైకి పైగా పటాలు సముద్రం మీదికి వెళ్ళి నిలబడ్డాయి. పెద్దలూ పిన్నలూ అందరి తలలూ ఆకాశం వైపే. ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అల అన్నది లేదు. మోకాలి లోతే కదా అని ఒక తల్లి తన ఆరేళ్ళ బాబుని గాలి నింపిన రబ్బరు ట్యూబులో కూర్చోబెట్టి, ఉప్మా డబ్బా తేవడానికి రెండు నిముషాలు వెనక్కి తిరిగింది.

ఆ రెండు నిముషాల్లో ట్యూబు చాలా దూరం వెళ్ళిపోయింది. చప్పుడు లేదు, కేక లేదు. బాబు కూడా గాలిపటాల కేసే చూస్తూ నవ్వుతున్నాడు.

మొదట చూసింది కాకినాడ దగ్గర ఉప్పాడ నుంచి వచ్చిన కుర్రాడు. అతను పటం ఎగరేయడం లేదు, వంట దగ్గర ఉన్నాడు. గరిటె పడేసి పరుగెత్తాడు. అక్కడ సముద్రం చాలా దూరం లోతు లేకపోవడం మన అదృష్టం. నడుం లోతు దాకా పరుగెత్తి, అక్కణ్ణించి ఈది, ట్యూబు పట్టుకున్నాడు. ఎదురుగాలిలో వెనక్కి రావడానికి అతనికి వెళ్ళినదానికి మూడింతలు పట్టింది. బాబుకి ఏమీ కాలేదు. ఆ తల్లి ఇసుకలో కూలబడిపోయింది. ఆ పూట ఎవ్వరూ భోజనం ముట్టలేదు.

సాయంత్రం ఆ కుర్రాడు మాతో అన్నమాట ఇది: "నేలగాలండి ఇది. ఒడ్డుకాడ నీళ్ళు కదలవు, బానే ఉందనుకుంటాం. లోపలికి లాక్కుపోద్ది. అంతమంది పైకి చూస్తన్నారు గదండి, పటాలన్నీ సముద్రం మీదే ఉన్నాయి. గాలెటో అవే చెప్తన్నాయి గదండీ!"

నిజమే. ఇరవై గాలిపటాలు ఇరవై వేళ్ళలా చూపిస్తూనే ఉన్నాయి, చదవడం మనకి రాలేదు. పటాన్ని పైకి లేపిన గాలే బాబుని లోపలికి తోసింది. రెండూ ఒకే గాలి.

మనం పొరబడటానికి ఒక కారణం ఉంది. విశాఖలోనో కాకినాడలోనో మధ్యాహ్నంపూట బీచికి వెళితే సాధారణంగా గాలి సముద్రం మీంచి మన మొహానికి కొడుతుంది. బంతి నీళ్ళలో పడ్డా తిరిగి ఒడ్డుకే వస్తుంది. మనకి ఆ గాలే అలవాటు. ఖతర్‌లో వీచే ముఖ్యమైన గాలి షమాల్. అరబ్బీలో షమాల్ అంటే ఉత్తరం. మనం ఉత్తరానికి వెళ్ళే అల్ షమాల్ రోడ్డు పేరు కూడా ఆ మాటే. ఈ గాలి వాయవ్యం నుంచి వస్తుంది. చలికాలంలో కొన్నాళ్ళపాటు విసిరి తగ్గుతుంది. జూన్, జులైల్లో అయితే దుమ్ము లేపుకుంటూ రోజుల తరబడి వీస్తుంది. ఖతర్ ద్వీపకల్పం సముద్రంలోకి చాచిన బొటనవేలులా ఉంటుంది. సీలైన్ తూర్పు ఒడ్డున ఉంది. అంటే షమాల్ అక్కడికి ఎడారి దాటి వచ్చి, నేల మీంచి సముద్రంలోకి పోతుంది. నేలగాలి ఒడ్డు దగ్గర అలని లేవనివ్వదు. అందుకే నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, అందుకే మోసం. అదే షమాల్ పడమటి ఒడ్డున దుఖాన్ దగ్గర సముద్రం వైపునుంచి వస్తుంది. అక్కడ అలలు ఎక్కువ, కానీ తేలే వస్తువు ఒడ్డుకే కొట్టుకొస్తుంది.

ఆ ఏటినుంచి మనం పెట్టుకున్న కట్టుబాట్లు కొత్త సభ్యుల కోసం మళ్ళీ రాస్తున్నాను.

ఒకటి. బస్సు దిగగానే ముందు ఒకే ఒక్క గాలిపటం ఎగరాలి. అది ఇసుక మీదికి వాలితే పిల్లలు పెద్దల పక్కన నీళ్ళలో ఆడుకోవచ్చు. సముద్రం మీదికి పోతే ఆ రోజు ట్యూబులూ, గాలి బంతులూ, తేలే బొమ్మలూ సంచిలోంచి బయటికి రాకూడదు.

రెండు. ఇద్దరు పెద్దవాళ్ళు ఆకాశం కేసి చూడకూడదు. గంటకొకసారి మనిషి మారుతూ, నీళ్ళ కేసే చూస్తూ కూర్చోవాలి. ఈ డ్యూటీకి సంఘం అధ్యక్షులకీ మినహాయింపు లేదు.

మూడు. ముందురోజు రాత్రి ఖతర్ వాతావరణ శాఖ సూచన చూడాలి. బలమైన గాలి, ఎత్తైన అలలు అని హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా. ఆపదలో నంబరు 999 అని ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ నోటికి రావాలి.

నాలుగు. మాంజా వద్దు. నూలు దారమే ముద్దు. మెడలు తెగి, పక్షుల రెక్కలు తెగి మన ఊళ్ళలో ఎంత అనర్థం జరిగిందో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. నైలాన్, సింథటిక్ మాంజాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. పోటీ కావాలంటే ఎవరిది ఎక్కువసేపు నిలబడుతుందో చూద్దాం. కరెంటు తీగల దగ్గరా, విమానాశ్రయం దాపుల్లోనూ పటం ఎత్తకూడదని వేరే చెప్పక్కర్లేదు.

గాలిపటాల మీద ప్రేమ మనకొక్కరికే లేదు సుమండీ. దోహాలో ఆస్పైర్ పార్కులో 2017లోనే అంతర్జాతీయ గాలిపటాల పండగ జరిగింది. ఉత్తరాన ఫువైరిత్ తీరంలో ఇప్పుడు కైట్ సర్ఫింగ్ నేర్పే చోటు వచ్చింది. కాళ్ళ కింద పలక, నడుముకి కొక్కెం, ఇరవై మీటర్లకి పైగా దారాల చివర పెద్ద పటం. అది లాగుతుంటే మనిషి నీళ్ళ మీద జారుతూ పోతాడు. నీళ్ళలో పడ్డా మళ్ళీ లేచేలా గాలి నింపే పటానికి బ్రూనో, డొమినిక్ లెగన్యూ అనే ఫ్రెంచి సోదరులు 1984లో పేటెంటు కోరారు. నలభై ఏళ్ళకి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పటంతో నడిచే పలక పందెం మొదటిసారి చోటు సంపాదించుకుంది. ఆ పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి. చూశారా, మనం డాబా మీద తిట్లు తిన్న ఆటకి పతకాలు ఇస్తున్నారు!

ఫువైరిత్ వెళ్ళాలనుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన కోస్తా తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చినట్టే, ఆ ఒడ్డుకి గద్దముక్కులాంటి మూతి ఉన్న సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఏప్రిల్ నుంచి జులై దాకా వాటి కాలం. అప్పుడు తీరాన్ని జనానికి మూసేస్తారు. తల్లులు పురిటికి వచ్చే ఇల్లు అది, మనం అడ్డు వెళ్ళకూడదు.

అక్షరాలు దిద్దిన మా అమ్మాయి ఇప్పుడు కాలేజీకొచ్చింది. కిందటి చలికాలం కైట్ సర్ఫింగ్ నేర్చుకుంటానంది. నేను వద్దన్నాను. వాళ్ళమ్మ సరేనంది. ఎవరి మాట నెగ్గిందో మీకు చెప్పాలా? మొదటి రోజు ఒడ్డున కూర్చుని గుండె చిక్కబట్టుకుని చూశాను. నేర్పేవాడు ఆమెని నీళ్ళలోకి దింపనే లేదు. గాలి ఎటు నుంచి, పట్టు తప్పితే పటాన్ని ఎలా వదిలెయ్యాలి, ఇవే రోజంతా నేర్పాడు. ఇంటికొస్తూ కార్లో అంది, "నాన్నా, ఆయన ఇవాళ చెప్పిందంతా మన ఉప్పాడ అన్నయ్య ఎప్పుడో చెప్పేశాడు కదా!"

ఆ ఉప్పాడ తమ్ముడు కాంట్రాక్టు ముగిసి ఊరికి వెళ్ళిపోయాడు. నిజామాబాద్ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. ఈ ఏడు తన కూతురి పెళ్ళికి సెలవు దొరికిందట. బస్సులో అతని సీటు ఖాళీగా ఉంటుంది. అతను నేర్పిన కన్నెలు మాత్రం మన పిల్లలందరికీ కట్టడం వచ్చు.

ఈ సంక్రాంతికి మీ ఇంటిల్లిపాదీ రండి. పులిహోర మేం తెస్తాం. పటం మీరు తెచ్చుకోండి. బస్సు దిగగానే మాత్రం మొదటి పటం ఎటు వాలుతుందో చూడండి. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.