మీకు తెలుసా? చరిత్ర పుస్తకాల్లో మన కామారెడ్డి

దేశ చరిత్ర అనగానే ఢిల్లీ, పాటలీపుత్రం, హంపీ గుర్తొస్తాయి. ఆ చరిత్రలో మన కామారెడ్డి, ఎల్లారెడ్డి, భిక్కనూరులకూ చోటుంది.

★ కామారెడ్డి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. కానీ 1908 నాటి ‘ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా’లోనే కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట తాలూకాలు కనిపిస్తాయి. దేశంలోని ఊళ్లను, తాలూకాలను ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్చిన 26 సంపుటాల గ్రంథమది. కామారెడ్డిపేట 14వ సంపుటంలో, ఎల్లారెడ్డిపేట 24వ సంపుటంలో ఉన్నాయి.

★ భిక్కనూరుకు పాతపేరు బిక్కనవోలు. ఆ సీమను ఏలిన కామినేని మల్లారెడ్డి 16వ శతాబ్దపు కవి కూడా. ఆయన ‘షట్చక్రవర్తి చరిత్రము’ హరిశ్చంద్రుడు, నలుడు వంటి ఆరుగురు పురాణ చక్రవర్తుల కావ్యం. ‘శివధర్మోత్తరము’, ‘పద్మపురాణము’ కూడా ఆయన రాసినవే.

★ కావ్యాల్లోంచి చరిత్రను తవ్వి తీయవచ్చని సురవరం ప్రతాపరెడ్డి నిరూపించారు. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలకన్నా జనం తిండి, బట్ట, ఆటపాటలకే పెద్దపీట. ‘క్రీడాభిరామం’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ ఆయనకు ఆధారాలు. ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు కమ్మని భోజనం దొరికేదని మనకు తెలిసింది ‘క్రీడాభిరామం’ వల్లనే. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం (1955) సురవరం పుస్తకానికే దక్కింది.

★ తెలుగువారికి తెలుగులోనే చరిత్ర చెప్పాలని 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు దానికి ప్రాణం. మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వెలువడింది.

★ కొమర్రాజు పేరు మీద నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, ఊరూరా రాళ్లమీద ఉన్న రాతలను సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేసింది.

★ కామారెడ్డి నిజామాబాదు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో ఆరవ నిజామాంధ్ర మహాసభ నిజామాబాదులోనే జరిగింది. ఆ మహాసభలు నడిపిన ఉద్యమ చరిత్రను మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’లో గ్రంథస్థం చేశారు.

ఊళ్లో ఎవరో ఒకరు రాసి ఉంచితేనే దేశ చరిత్రలో ఆ ఊరికి చోటు దక్కుతుంది. మీ గుడి దగ్గరి శాసనాన్ని సున్నం, రంగు పూయకుండా కాపాడండి. పెద్దలు చెప్పే ఊరి సంగతులను పేర్లు, తేదీలతో రాసి ఒక ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వండి.